కడప్పా ఉంది సార్

2014లో పూణేలో అద్దె ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఒక బ్రోకరు నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, గట్టు మీద చెయ్యేసి గర్వంగా "కడప్పా ఉంది సార్" అన్నాడు. నాది కడప జిల్లా అని ఇతనికెట్లా తెలిసిందబ్బా అని ఒక్క క్షణం తికమకపడ్డాను. ఇంకా ఆధార్ కాపీ కూడా ఇవ్వలేదు. తీరా అతను చూపిస్తున్నది పొయ్యి పెట్టుకునే నల్లబండని. మహారాష్ట్రలో వంటగట్టుని ఓటా అంటారు, దానిమీద పరిచే నల్ల రాయిని కడప్పా అంటారు. అది ఒక ఊరి పేరని అతనికి తెలీదు. నేను చెప్తే నమ్మలేదు కూడా. మార్బుల్ అనే ఊరుంటుందా సార్ అన్నట్టు చూశాడు.

చాలా రోజులు ఈ కథ చెప్పి ఆఫీసులో నవ్వించేవాణ్ణి. సంజ్ఞావాచకం జాతివాచకం అయిపోయింది, జిరాక్స్ లాగా, డాల్డా లాగా. కంపెనీలు కోట్లు పోసినా రాని అదృష్టం మా జిల్లాకి ఊరికే వచ్చింది. ఇందులో నవ్వడానికేమీ లేదని అర్థం కావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. ఎందుకంటే ఆ రాయి అమ్మేది మా నాయన. పేరు అంత దూరం పోయింది గానీ డబ్బు అంత దూరం నుంచి రాలేదు.

మాది ఎర్రగుంట్ల. మదరాసు–బొంబాయి రైలు మార్గం మీద ఉన్న ఊరు. ఈ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా సున్నపురాయే. భూగర్భ శాస్త్రంలో దీనికి నార్జి సున్నపురాయి అని పేరు. 1872లోనే విలియం కింగ్ అనే దొర కడప, కర్నూలు రాతి పొరల మీద పెద్ద పుస్తకం రాశాడు. మా ఊరి లెక్కలో మాత్రం ఆ రాయి రెండు రకాలు: పొడి చేస్తే సిమెంటు, పొరలుగా చీలిస్తే బండలు. సిమెంటు పెద్దోళ్ల వ్యాపారం. చిలంకూరులో ఇండియా సిమెంట్స్, ఊరి పక్కనే జువారి, కమలాపురం వైపు నల్లలింగాయపల్లెలో భారతి. నా చిన్నప్పుడు ప్రొద్దుటూరు రోడ్డులో ఖాళీ గోడ కనబడితే చాలు, ఏదో ఒక సిమెంటు పేరు రాసేసేవాళ్లు. నేను పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది ఆ గోడల మీదే. బండల ఫ్యాక్టరీకి అట్లాంటి భాగ్యం లేదు. రేకుల షెడ్డు, కటింగ్ మిషను, పాలీష్ మిషను, ముందు నీళ్లగుంట, గేటు మీద ఒక బోర్డు.

మా బోర్డు 1993 నాటిది. నాలుగు రోడ్ల దగ్గరుండే పెయింటరు రేకు మీద పసుపు రంగు పూసి ఎర్ర అక్షరాలతో రాశాడు. దాని మీద రెండు పేర్లుంటాయి. ఒకటి మా నాయనది. రెండోది మామది. మామ అంటే చుట్టరికం కాదు, వాళ్లు సాయిబులు. నాయన చేను అమ్మిన డబ్బు పెట్టాడు. మామ పదహారో ఏట నుంచీ గనుల్లో పనిచేసిన మనిషి. సుత్తితో తట్టి, ఆ చప్పుడు విని, బండ లోపల చీలిక ఉందో లేదో చెప్పేవాడు. ఆయన 2016లో పోయాడు. బోర్డు అట్లనే ఉంది.

2020 తర్వాత ఫ్యాక్టరీ నెలకి పది రోజులు కూడా నడవని పరిస్థితి వచ్చింది. నేలకి టైల్స్ వచ్చాయి, వంటగట్టుకి గ్రానైట్ వచ్చింది. కడప్పా గట్టు మీద నుంచి గట్టు కిందికి దిగింది. ఇప్పుడు గ్రానైట్‌కి ఆనుడుగానో, అలమర అరగానో, అటక మీదో వాడుతున్నారు. అంటే పేరు ఇంకా బతికే ఉంది, కాకపోతే 'చవకది' అనే అర్థంతో. అప్పటికి నేను బెంగుళూరు వచ్చేశాను. మా ఆఫీసులో ఒకతని చెల్లెలు ముగ్గురితో కలిసి చిన్న క్రియేటివ్ ఏజెన్సీ నడుపుతోందని తెలిసి, 2022లో వాళ్లని కలిశాను. పిండివంటల దుకాణాలకి, ఒక చేనేత సంఘానికి బ్రాండింగ్ చేసిన అనుభవం ఉంది వాళ్లకి. లక్షన్నర అడిగారు. నాయనకి నలభై వేలని చెప్పాను.

మొదట ఒక ఫారం పంపారు. బ్రీఫ్ అంటారు దాన్ని. ఏం అమ్ముతారు, ఎవరు కొంటారు, మీ పోటీదారులెవరు, వ్యవస్థాపకులెవరు, వారి కథ ఏమిటి. నేను ఒక ఆదివారం కూర్చుని ఉత్సాహంగా నింపాను. అప్పుడప్పుడూ పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసే అలవాటు ఉంది కదా, వ్యవస్థాపకుడి కథ దగ్గర చెయ్యి బాగానే ఆడింది. కరువు, చేను అమ్మడం, ఒంటరి పోరాటం. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

ఏజెన్సీ అంటే లోగో గీసిచ్చే వాళ్లనుకున్నాను. లోగో అన్నిటికన్నా ఆఖరున వచ్చింది, అన్నిటికన్నా తక్కువ పనికొచ్చిందీ అదే. వాళ్లలో స్ట్రాటజీ చూసే అమ్మాయి బెంగుళూరులో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఎర్రగుంట్ల వచ్చి మొదటి రోజంతా ఏమీ చెయ్యకుండా నాయన పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయనకి వచ్చే ఫోన్లు స్పీకర్‌లో పెట్టమని వింటూ ఒక పుస్తకంలో గీతలు పెట్టుకుంది. సాయంత్రానికి తేలిందేమంటే, ఫోన్ చేసిన వాళ్లందరూ దాదాపు అవే మూడు ప్రశ్నలు అడుగుతున్నారు: ఏ సైజులున్నాయి, మందం ఎంత, లోడు మా ఊరికి చేర్చడానికి ఎంతవుతుంది. ఒక్కొక్కరికి నాయన వచ్చీరాని హిందీలో పది నిమిషాలు చెప్తున్నాడు. సగంమంది మధ్యలోనే పెట్టేస్తున్నారు. ఇరవై ఏళ్లుగా నేను సెలవులకి పోయి అదే కుర్చీలో కూర్చున్నాను. నాకెప్పుడూ వినపడలేదు.

వారం తిరక్కుండా ఒక్క పేజీ రేటు కార్డు తయారుచేశారు. తెలుగు, కన్నడం, హిందీ, మరాఠీ నాలుగు భాషల్లో. ఫోన్ రాగానే వాట్సాప్‌లో అది పంపడం, తర్వాత మాట్లాడడం. గూగుల్ మ్యాప్‌లో మా ఫ్యాక్టరీ గుర్తు రైలు పట్టాల అవతల ఎక్కడో ఉండేది, దాన్ని గేటు దగ్గరికి తెచ్చారు. ఆన్‌లైన్‌లో నేను ఎప్పుడో పెట్టిన వివరాల్లో "బ్లాక్ లైమ్‌స్టోన్ స్లాబ్స్" అని రాసుంది. "పూణేలో మేస్త్రీ ఇట్లా వెతుకుతాడా అన్నా?" అని అడిగింది ఆ అమ్మాయి. పూణే వంటిల్లు కథ అందరికీ చెప్పుకుని తిరిగినవాణ్ణి, సొంత సరుకు దగ్గర ఆ మాట రాయాలని తోచలేదు. మరాఠీ అక్షరాల్లో కడప్పా అని చేర్చారు. దొరల కాలపు 'కుడ్డపా' స్పెల్లింగు కూడా ఉంచారు. 2005లో సర్కారు దాన్ని కడప అని సరిచేసింది గానీ, ఎగుమతి బిల్లుల మీద రాయి ఇంకా పాత పేరుతోనే ఓడ ఎక్కుతోంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన ప్రశ్న ఇంకొకటి. "ఈ రాయి దేనికి పనికిరాదు నాయనా?" అని అడిగింది. నాయన నన్ను చూశాడు. వ్యాపారం పెంచడానికి వచ్చినామె ఈ మాట అడుగుతాదేంది అని ఆయన ముఖంలో ఉంది. కాసేపాగి చెప్పాడు. నిమ్మకాయ పిండితే తెల్లమచ్చ పడుతుంది. చింతపండు పులుసు ఒలికినా అంతే. సున్నపురాయి కదా, పులుపు తగిలితే తింటుంది. నూనె రాస్తూ ఉంటే నల్లగా నిలబడుతుంది, రాయకపోతే బూడిద రంగుకి తిరుగుతుంది. నేను ఈ ముక్క బయటికి రాకూడదనుకుంటుంటే ఆ అమ్మాయి దాన్నే కార్డు వెనక పెద్ద అక్షరాలతో వేయించింది: పులుపు పడితే వెంటనే తుడవండి, నెలకోసారి నూనె రాయండి. మచ్చ పడింది, మోసం చేశారు అని వచ్చే తగాదా ఫోన్లు అంతకు ముందు ప్రతి నెలా ఉండేవి. ఆ కార్డు వెళ్లడం మొదలయ్యాక దాదాపు ఆగిపోయాయి. అమ్మేవాడే లోపం చెప్తే కొనేవాడికి దెబ్బలాడ్డానికి ఏం మిగలదు మరి.

ఇంకొకటి శాంపిల్ పెట్టె. అరచేతి వెడల్పు ముక్కలు నాలుగు: పాలీష్ పట్టింది, సగం పట్టింది, లెదర్ ఫినిష్ అంటారే అది, నాలుగోది గనిలో చీలినట్టే గరుకుగా ఉన్నది. మేం నాలుగోదాన్ని అందరికన్నా తక్కువకి, పశువుల కొట్టాలకి అమ్మేవాళ్లం. బెంగుళూరులో ఆర్కిటెక్టులు అదే కావాలన్నారు. పోస్టు ఖర్చు చూసి నాయన గుండె పట్టుకున్నాడు, "ఊరికే ఇస్తారా ఎవరన్నా రాళ్లని!" అని. అప్పుడు నాకు కాశీనాథుని నాగేశ్వరరావు గుర్తొచ్చారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీలకి వచ్చిన వాళ్లకి ఉచితంగా పంచారని చెప్తారు. ఆ పసుపు సీసా డబ్బే 1908లో ఆంధ్రపత్రిక అయింది, 1924లో భారతి అయింది. కె.ఎన్. కేసరి లోధ్ర మందు అమ్మి 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. మనం సాహిత్యాన్ని ఒక గదిలో, వ్యాపార ప్రకటనని ఇంకో గదిలో పెట్టి మాట్లాడుతుంటాం గానీ, తెలుగు పత్రికల పునాదిలో తలనొప్పి మందు వాసన గట్టిగానే ఉంది. నాయనకి ఇదంతా చెప్తే, "ఆయప్పది డబ్బా, నాది బండరా. బరువు చూస్కో" అన్నాడు. పెట్టెలు మాత్రం పంపనిచ్చాడు.

ఇక్కడిదాకా నాకు ఏజెన్సీ మీద గౌరవమే. మూడో నెలలో బ్రాండ్ కథ, పేరు, లోగో కలిపి నలభై స్లైడ్లు పంపారు. లోగోలో గండికోట లోయ ఉంది. కడప అంటే గండికోట ఫొటో పెట్టడం ఒక జబ్బు, ఎవరినీ తప్పుపట్టలేం. కథ ఇంగ్లీషులో ఉంది. ఎండకి మాడిన రాయలసీమ, పగుళ్లిచ్చిన నేల, ఒంటరి రైతు, అతని కల. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. రాయలసీమని కరువు, కక్షలుగా మాత్రమే చూపించే కథల మీద నేను ఒకటికి రెండు వ్యాసాలు రాసినవాణ్ణి. సమరసింహారెడ్డి, ఇంద్ర లాంటి సినిమాలు మా ప్రాంతానికి ఎట్లాంటి బ్రాండింగ్ చేశాయో పేజీలకి పేజీలు వాపోయినవాణ్ణి. ఇప్పుడు అదే సరుకుని లక్షన్నర ఇచ్చి కొనుక్కున్నాను. పులివెందుల పక్క పైడిపాలెంలో పుట్టిన రారా ఈ పేరా చదివి ఉంటే ఏం చేసేవాడో ఊహించుకుంటేనే భయమేసింది. తిట్టడానికి వాళ్లకి ఫోన్ చెయ్యబోతూ నా బ్రీఫ్ మళ్లీ తెరిచి చూశాను. ఒక్క వాక్యం కూడా వాళ్లది కాదు. నేను రాసిందానికి ఇంగ్లీషు చేశారంతే.

పేరు దగ్గర వాళ్లకి మొదట కడప్పా అనే మాటే ముద్దొచ్చింది. కానీ ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం ఉత్త ఊరి పేరుని ఒక్క దుకాణానికి రాసివ్వడం మామూలుగా కుదరదు. ఊరి పేరుకి జీఐ అనే ఇంకో దారి ఉంది. బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చింది అదే. అది అక్కడ తయారుచేసే అందరిదీ, ఒకరి సొత్తు కాదు. దాంతో మా ఇంటిపేరు తీసుకుని దాని పక్కన 'స్టోన్స్' అని పెట్టారు. పొట్టిగా ఉంది, పలకడానికి తేలిక, బోర్డు మీదున్న రెండు పేర్లు కొత్త కస్టమర్‌ని గందరగోళపెడతాయి అని కారణం రాశారు. ఏం గందరగోళమో రాయలేదు.

నాయన కళ్లద్దాలు పెట్టుకుని లాప్‌టాప్‌లో ఆ పేజీ చూశాడు. అక్షరం అక్షరం చదివాడు. "ఇదేందిరా, మనింటోళ్లే తవ్వినట్టుండాదే" అన్నాడు. లాప్‌టాప్ నా వైపు జరిపి మోటారు ఆపడానికి లేచిపోయాడు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె తడుముకోకుండా, "నేను ఎర్రగుంట్ల వచ్చినరోజు నాయన అరగంట ఆయన గురించే చెప్పారు అన్నా. రికార్డింగ్ ఉంది. మీ ఫారంలో ఆయన లేరు. ఫ్యామిలీ ఇష్యూ ఏమో, అడగకూడదేమో అనుకున్నాం" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఫారంలో వ్యవస్థాపకుడి పేరుకి ఎంత పొడుగు రాసినా పట్టే చోటుంది. మామ నన్ను చిన్నప్పుడు స్కూటర్ ముందు నిలబెట్టుకుని జమ్మలమడుగు తిప్పిన మనిషి. ఆయన్ని ఏజెన్సీ తీసెయ్యలేదు, బోర్డు మార్కెటింగ్ లెక్కకి అడ్డం అని వాళ్లు అనకముందే నేను తీసేశాను. ఒక్క మనిషైతే కథ బాగుంటుందని. ఆయన సాయిబు కాకపోయి ఉంటే కూడా మర్చిపోయేవాణ్ణా అనే ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాదనే చెప్పుకోవాలని ఉంటుంది.

"అత్తను అడుగు. ఆమె సరే అంటే ఏం పేరన్నా పెట్టుకో" అన్నాడు నాయన. తను రానన్నాడు.

అత్త మామూలుగానే కూర్చోబెట్టి టీ ఇచ్చింది. వాళ్లబ్బాయి సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు, డ్యూటీకి పోయాడు. నేను పేరు, లోగో, కస్టమర్లు అని ఏదేదో చెప్పాను. ఆమె అంతా విని, "మీ మామ పేరు చూసి ఎవురూ బండలు కొనలేదులే నాయనా. ఆయప్ప చెయ్యి చూసి కొన్యారు. పేరు ఎట్లన్నా రాసుకోండి" అంది. నాకు ప్రాణం కుదుటపడేలోపు, "వాటా మాత్రం నిలపొద్దు. మీ నాయన నెలనెలా పంపిస్తానే ఉండాడు. ఆయన తర్వాత సూసుకునేది నువ్వే గదా. నీకు తెలుసునా వాటా సంగతి?" అంది.

"తెలుసత్తా" అన్నాను.

తెలీదు. ఆ రెండేళ్లూ ఫ్యాక్టరీ డబ్బు ఎక్కడికి పోతోందని నాయనతో నేను పోట్లాడని నెల లేదు. లాభం లేని నెల కూడా ఎంతో కొంత పంపుతున్నాడని, దానికి చేతిరాత పుస్తకం తప్ప ఇంకే కాగితమూ లేదని, ఆ రాత్రి అడిగితే చెప్పాడు. ముందే చెప్పలేదేమని అడిగాను. "నువ్వు లెక్కలేసేవాడివి గదా" అన్నాడు. నేను కూడా అప్పుడే లక్షన్నర సంగతి చెప్పేశాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఏజెన్సీ ఇంకోసారి పని చేసింది. దానికి విడిగా డబ్బు తీసుకున్నారు, న్యాయమే. కథ తీసేసి ఆ అరగంట రికార్డింగ్‌లోంచి నాయన మాటలే నాలుగు వాక్యాలు పెట్టారు, మామ సుత్తితో తట్టి బండ లోపలి చీలిక చెప్పే సంగతి. పేర్లు రెండూ ఉన్నాయి, పొట్టిగా. తెలుగులో రాయాల్సి వచ్చేసరికి వాళ్ల దగ్గర సరైన ఫాంటు లేదు. సిలికానాంధ్ర వాళ్లు అష్టదిగ్గజాల పేర్లతో ఉచితంగా ఇచ్చిన ఫాంటులున్నాయని చెప్పి పంపాను. ధూర్జటి, తిమ్మన అన్నీ వేసి చూసి చివరికి అన్నిటికన్నా లావుగా ఉన్నది ఎంచుకున్నారు. అట్లా మా సాయిబు మామ పేరు రామభద్ర ఫాంటులో అచ్చయింది. గేటు మీద పెయింటర్ రాసిన బోర్డుని ఎవరూ ముట్టుకోలేదు. గండికోట మాత్రం పోలేదు, ఒక మూల చిన్నదిగా ఉంది. నాయనకి నచ్చింది.

వ్యాపారం ఏమంత లేచిపోలేదు. పది రోజులు నడిచేది ఇప్పుడు పద్దెనిమిది, ఇరవై రోజులు నడుస్తోంది. టైల్స్ ఎటూ పోలేదు కదా. గరుకు బండకి బెంగుళూరు నుంచి ఆర్డర్లు వస్తున్నాయి, అవి ఎంతకాలమో ఆర్కిటెక్టుల ఇష్టం మీద ఉంది. వాటాని భాగస్వామ్య పత్రంలో రాయిద్దామని రెండేళ్లుగా అడుగుతున్నాను. "ఇప్పుడు రాయిస్తే ఇన్నాళ్లూ నమ్మకం లేదనుకుంటారు" అంటాడు నాయన. అత్త రాయించమనే అంటుంది. ప్రొద్దుటూరులో ఆడిటర్‌తో మాట్లాడి పెట్టుకున్నాను, సంక్రాంతికి ఇద్దర్నీ తీసుకుపోదామనుకుంటే అత్తకి బాగా లేక కుదరలేదు.

చూడ్డానికి పోయినప్పుడు ఆమె వంటింట్లో మా శాంపిల్ పెట్టె కనపడింది. మూడు ముక్కలు అట్లనే ఉన్నాయి. పాలీష్ పట్టిన ముక్కని బయటికి తీసి పొయ్యి పక్కన పెట్టుకుంది, వేడిగిన్నె దించుకోడానికి. దాని మీద అప్పటికే గుండ్రంగా ఒక చింతపులుసు మచ్చ.